ఇంటి కెమెరాను స్మార్ట్ హోమ్‌కు కలపడం: కంపెనీ క్లౌడా, ఇంట్లోని సర్వరా?

"కెమెరా బిగించాం, కంపెనీ యాప్‌లో చక్కగా కనిపిస్తోంది, ఇక దీన్ని అలెక్సాకు కలపమంటారా, గూగుల్ హోమ్‌కా, హోమ్ అసిస్టెంట్‌కా?" అని తరచుగా అడుగుతున్నారు కాబట్టి, ఇన్నాళ్లూ విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబును ఒకచోట రాయడం మంచిదనిపించింది. పైగా ఈ మధ్యే మా ఇంట్లోని నాలుగు కెమెరాలనూ ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మార్చుకున్నాను. ఆ అనుభవంతో చెప్పాలంటే, ఏ వేదికకు కలపాలన్నది తరువాతి సంగతి; కెమెరా చూసినది ఆ వేదికకు ఏ దారిన చేరాలన్నది ముందు తేల్చుకోవాలి.

దారులు ముఖ్యంగా రెండు. మొదటిది క్లౌడ్ దారి. కెమెరా తన కంపెనీ సర్వరుకు వీడియో పంపుతుంది, మీరు ఆ కంపెనీ ఖాతాను అలెక్సాకో గూగుల్ హోమ్‌కో లింక్ చేస్తారు, ఆ రెండు సంస్థల సర్వర్లు తమలో తాము మాట్లాడుకుని ఫలితాన్ని మళ్లీ మీ ఇంటికి పంపుతాయి. రెండవది లోకల్ దారి. కెమెరా ఇంటి నెట్‌వర్క్‌లోనే ఆర్‌టీఎస్‌పీ అనే ప్రసార పద్ధతి ద్వారా వీడియోను, ఆన్విఫ్ అనే ప్రమాణం ద్వారా కదలికల సమాచారాన్ని అందిస్తుంది. ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటరులో నడిచే హోమ్ అసిస్టెంట్ లాంటి వేదిక దాన్ని నేరుగా అందుకుంటుంది. యాపిల్ హోమ్‌కిట్ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది.

పోలికలన్నీ సాధారణంగా చిత్రం నాణ్యత దగ్గర, యాప్ వాడకంలోని సౌకర్యం దగ్గర, నెలనెలా కట్టే చందా దగ్గర ఆగిపోతాయి. అవీ చూసుకోవలసినవే. అయినా నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చే అంశం ఒక్కటే: కెమెరా కనిపెట్టిన సంగతి ఆటోమేషన్‌కు ఎంత త్వరగా, ఎంత నమ్మకంగా చేరుతుంది? లైవ్ చూడడమే అవసరమైతే స్మార్ట్ హోమ్‌తో పనే లేదు, కంపెనీ యాప్ చాలు. వేదికకు కలపడం వల్ల నిజంగా ఒరిగేది వేరే ఉంది. గుమ్మం దగ్గర మనిషి కనబడగానే వరండా లైటు వెలగాలి, అర్ధరాత్రి పెరట్లో ఎవరైనా కదిలితే పడకగదిలోని దీపం మెల్లగా వెలిగి లేపాలి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే ఫోనుకు నోటిఫికేషన్ రావాలి. వీటిలో దేనికీ వీడియో అక్కరలేదు. 'మనిషి వచ్చాడు' అనే ఒక్క ముక్క కబురు సమయానికి అందితే చాలు.

క్లౌడ్ దారిలో ఆ ఒక్క ముక్క ఎన్ని చేతులు మారుతుందో చూడండి. కెమెరా నుంచి రౌటరు, అక్కడి నుంచి కెమెరా కంపెనీ సర్వరు, దాని నుంచి అలెక్సా లేదా గూగుల్ సర్వరు, చాలా ఇళ్లలో దాని నుంచి బల్బు కంపెనీ సర్వరు, మళ్లీ మీ రౌటరు, చివరికి బల్బు. మా ఇంట్లో ఈ ప్రయాణానికి మామూలు రోజుల్లో నాలుగైదు సెకన్లు పట్టేది. వినడానికి తక్కువే, కానీ గేటు తీసుకుని గుమ్మం దాకా నడవడానికి పట్టేదీ అంతే కనుక, వచ్చినవాళ్లు చీకట్లోనే మెట్లెక్కి బెల్ కొట్టబోయే వేళకు లైటు వెలిగేది. తరువాత ఒక రాత్రి వానకు ఇంటర్నెట్ పోయింది. కరెంటు ఉంది, రౌటరు పనిచేస్తోంది, కెమెరా, బల్బు ఒకే వైఫైలో ఉన్నాయి, రెండింటి మధ్య రెండు మీటర్ల దూరం కూడా లేదు. అయినా కెమెరా చూసినది బల్బుకు తెలియలేదు, రికార్డింగూ జరగలేదు, ఎందుకంటే ఆ కెమెరాకు తన కంపెనీ సర్వరు తప్ప వేరే చోటు తెలియదు. మరుసటి ఉదయం యాప్‌లో రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా ఖాళీగా ఉన్న టైమ్‌లైన్ చూసినప్పుడే మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఇంటర్నెట్ ఎప్పుడో గాని పోదు కదా అనవచ్చు, నిజమే. అయితే క్లౌడ్ దారిలో మన ఆటోమేషన్ ఇంకొకరి నిర్ణయాల మీద కూడా ఆధారపడి ఉంటుంది. 2019 మేలో గూగుల్, తన నెస్ట్ పరికరాలను ఇతర కంపెనీల వాటితో కలిపే 'వర్క్స్ విత్ నెస్ట్' పథకాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. వాడుకదారుల అభ్యంతరాల తరువాత పాత అనుసంధానాలను కొనసాగనిచ్చినా, ఆ ఏడాది ఆగస్టు 31 తరువాత కొత్తవి కలుపుకోవడానికి వీలు లేకుండా పోయింది. గోప్యత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కెమెరాలు అమ్మే రింగ్ సంస్థ, తన ఉద్యోగులు, కాంట్రాక్టర్లు వినియోగదారుల సొంత వీడియోలను చూడగలిగేలా వదిలేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో అభియోగం మోపగా, ఆ వ్యవహారం 58 లక్షల డాలర్లతో పరిష్కారమైంది. అన్ని కంపెనీలూ అలాగే ఉంటాయని నేను అనను. ఇంటి లోపలి గదుల వీడియో బయటి సర్వరులో ఉన్నంతకాలం అలాంటి అవకాశం ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

లోకల్ దారికి ఆధారమైన పద్ధతులు కొత్తవి కావు. ఆర్‌టీఎస్‌పీ 1998లోనే ప్రమాణంగా వెలువడింది. వేర్వేరు కంపెనీల కెమెరాలు ఒకే భాష మాట్లాడేందుకు యాక్సిస్, బాష్, సోనీ కలిసి 2008లో ఆన్విఫ్‌ను స్థాపించాయి. ఈ రెండూ ఉన్న కెమెరాను హోమ్ అసిస్టెంట్‌కు కలిపితే వీడియోతో పాటు కదలికను తెలిపే సెన్సరు కూడా వస్తుంది. ఆ సెన్సరునే నేరుగా లైటుకు ముడిపెట్టవచ్చు గాని, చాలా కెమెరాల్లో అది చిత్రంలో ఏ మార్పు వచ్చినా మోగుతుంది: ఊగే కొమ్మ నీడ, రోడ్డు మీది హెడ్‌లైట్ల వెలుగు, లెన్సు ముందు ఆడే పురుగు, అన్నీ దానికి కదలికే.

అందుకని నేను మధ్యలో ఫ్రిగేట్‌ను పెట్టాను. ఇది ఓపెన్ సోర్స్ రికార్డరు; కదలిక ఉన్నచోట ఏముందో మన కంప్యూటరులోనే పరిశీలించి, మనిషి అయితేనే మనిషి అని హోమ్ అసిస్టెంట్‌కు ఎమ్‌క్యూటీటీ అనే సందేశాల పద్ధతి ద్వారా చెబుతుంది. మొదటిసారి పెట్టేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది స్ట్రీముల దగ్గర. ఐపీ కెమెరాలు సాధారణంగా ఒక పెద్ద స్ట్రీమును, తక్కువ రిజల్యూషన్‌తో ఒక సబ్ స్ట్రీమును విడివిడిగా ఇస్తాయి. గుర్తింపు పనికి సబ్ స్ట్రీమును సెకనుకు 5 ఫ్రేముల చొప్పున ఇస్తే సరిపోతుంది. రికార్డింగుకు మాత్రం పెద్ద స్ట్రీము వాడాలి. రెండు పనులకూ పెద్ద స్ట్రీమే ఇచ్చి, కంప్యూటరు వేడెక్కిపోతోందని లోకల్ దారినే తప్పుపట్టినవాళ్లను చూశాను. ఇంటెల్ ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్ చిప్పుతో మా నాలుగు కెమెరాల గుర్తింపూ ఇబ్బంది లేకుండా నడుస్తోంది. ఇప్పుడు మనిషి గేటు దాటి రెండో అడుగు వేసేలోపే వరండా లైటు వెలుగుతోంది.

ఈ దారిలో కష్టాలు లేవని చెబితే అది మోసం అవుతుంది. నాకు మొదటి కెమెరా కలపడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. చిరునామా సరిగానే ఉంది, పాస్‌వర్డు సరిగానే ఉంది, కానీ స్ట్రీము తెరుచుకోలేదు. చివరికి తెలిసిందేమిటంటే, నా పాస్‌వర్డులో ఉన్న '@' గుర్తును ఆర్‌టీఎస్‌పీ చిరునామా వేరే అర్థంలో తీసుకుంటోంది. దాని బదులు '%40' అని రాయగానే చిత్రం వచ్చింది. కెమెరాకు రౌటరులో స్థిరమైన ఐపీ కేటాయించకపోతే రౌటరు రీస్టార్టయిన రోజు అన్నీ తెగిపోవచ్చు. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో వచ్చే వీడియో కొన్ని బ్రౌజర్లలో కనిపించదు కాబట్టి చూసే స్ట్రీమునైనా హెచ్.264లో పెట్టుకోవడం మేలు. 'స్మార్ట్ కోడెక్' పేరుతో కంపెనీలు ఇచ్చే అదనపు కుదింపును ఆపేసి, కీఫ్రేము, అంటే పూర్తి చిత్రం ఉండే ఫ్రేము, సెకనుకొకటి వచ్చేలా పెడితే లైవ్ తెరుచుకోవడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది. హోమ్ అసిస్టెంట్ 2024.11 నుంచి గో2ఆర్‌టీసీ అనే స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ అందులోనే కలిసి వస్తోంది కనుక, ఒకప్పుడు పలు సెకన్లు వెనకబడి నడిచిన లైవ్ ఇప్పుడు వెబ్‌ఆర్‌టీసీ అనే ప్రత్యక్ష ప్రసార పద్ధతి ద్వారా దాదాపు అప్పటికప్పుడే కనిపిస్తుంది.

భద్రత బాధ్యత కూడా మనదే. ఇంటి బయట నుంచి చూడాలని రౌటరులో పోర్టు తెరిచి కెమెరాను ఇంటర్నెట్‌కు నేరుగా చూపించడం ఎంతమాత్రం తగదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశం చేసుకుని దాడులకు వాడుకుంది. బయట నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ అయిన సొంత దారి) ద్వారా ఇంట్లోకి రావడం సరైన పద్ధతి. నేను మరొక అడుగు వేసి కెమెరాలకు ఇంటర్నెట్‌నే ఆపేశాను. కొన్ని వారాల తరువాత ఒక రికార్డింగు మీది గడియారం మూడు నిమిషాలు వెనకబడి ఉండడం కనిపించింది. బయటి టైమ్ సర్వరు అందక కెమెరాల గడియారాలు దారి తప్పాయి. రౌటరునే టైమ్ సర్వరుగా చూపించిన తరువాత సర్దుకున్నాయి. రేపు ఎవరికైనా సాక్ష్యంగా చూపించవలసి వస్తే ఆ మూడు నిమిషాలు చిన్న విషయం కాదు.

ఇక హార్డ్‌డిస్కు లెక్క. సెకనుకు 4 మెగాబిట్ల స్ట్రీము ఇరవై నాలుగు గంటలూ రికార్డయితే రోజుకు సుమారు 43 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు ఆరు రోజులకు కూడా సరిపోదు. కదలిక ఉన్న భాగాలను మాత్రమే ఉంచుకుంటే ఇది చాలా తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నది మీ ముందున్న వీధి రద్దీని బట్టి ఉంటుంది. డిస్కు పాడైతే బ్యాకప్ ఉండదని, ఆ కంప్యూటరునే ఎత్తుకుపోతే రికార్డింగులూ పోతాయని ముందే తెలుసుకుని, ముఖ్యమైన క్లిప్పులు వేరేచోటికి కాపీ అయ్యేలా పెట్టుకోవాలి. క్లౌడ్ దారికి ఈ విషయంలో ఉన్న ఆధిక్యాన్ని నేను కాదనలేను.

యాపిల్ వాడేవాళ్లకు హోమ్‌కిట్ సెక్యూర్ వీడియో గౌరవించదగిన మధ్యేమార్గం. 2019లో ప్రకటించిన ఈ పద్ధతిలో, వచ్చినది మనిషా, జంతువా, వాహనమా అన్న పరిశీలన ఇంట్లోని హోమ్‌పాడ్‌లోనో యాపిల్ టీవీలోనో జరుగుతుంది. వీడియో ఆ తరువాత ఎన్‌క్రిప్ట్ అయి ఐక్లౌడ్‌కు వెళుతుంది కనుక యాపిల్ కూడా దాన్ని చూడలేదు. పది రోజుల రికార్డింగులు ఉంటాయి, అవి మీ ఐక్లౌడ్ స్థలంలో లెక్కకు రావు. 50 జీబీ ప్లానుకు ఒక కెమెరా, 200 జీబీకి అయిదు, 2 టీబీకి ఎన్నయినా పెట్టుకోవచ్చు. కబురు ఇంటి లోపలే తిరుగుతుంది కాబట్టి నా కొలమానం ప్రకారం ఇది క్లౌడ్ దారికన్నా ఎంతో మెరుగు. నేను దీన్ని ఎంచుకోకపోవడానికి కారణం, దీనికి మద్దతిచ్చే కెమెరాలు తక్కువ, రికార్డింగు 1080పీకి పరిమితం. స్క్రిప్టెడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మామూలు ఆర్‌టీఎస్‌పీ కెమెరాను కూడా ఇందులోకి తీసుకురావచ్చు, అయితే అప్పుడు మీరు ఎలాగూ ఇంట్లో సర్వరు నడుపుతున్నట్టే.

అలెక్సా, గూగుల్ హోమ్‌ల మధ్య ఎంపిక గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. ఇంట్లో ఏ స్పీకరు, ఏ తెర ఉంటే దానికి కలపండి. "గుమ్మం కెమెరా చూపించు" అనగానే తెర మీద చూపించే పని రెండూ చేస్తాయి. శాంసంగ్ వేదిక స్మార్ట్‌థింగ్స్ ఇప్పటికే ఉంటే అదీ ఇంతే. మా ఇంట్లో పెద్దవాళ్లకు మాటతో చూడడం అలవాటు కనుక, హోమ్ అసిస్టెంట్ నుంచే ఒక కెమెరాను తెరకు పంపుతున్నాను.

బ్యాటరీ కెమెరా ఉన్నవాళ్లకు మాత్రం లోకల్ దారి సాధారణంగా ఉండదు. ఎప్పుడూ స్ట్రీము ఇస్తూ ఉంటే బ్యాటరీ నిలవదు కాబట్టి అవి నిద్రపోతూ, కదలిక ఉన్నప్పుడే లేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఆర్‌టీఎస్‌పీని ఇవ్వవు. అద్దె ఇంట్లో తీగ లాగడానికి వీల్లేనివాళ్లు, సర్వరును చూసుకునే తీరిక లేనివాళ్లు క్లౌడ్ దారిలోనే ఉండడం మంచిది. నిర్వహణ లేని సొంత సర్వరుకన్నా సక్రమంగా నడిచే క్లౌడ్ ఖాతా నయం. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేసేందుకు ఉద్దేశించిన మేటర్ ప్రమాణంలో 2025 నవంబరులో వచ్చిన 1.5 వెర్షన్‌తో కెమెరాలకు చోటు దక్కింది, అదీ వెబ్‌ఆర్‌టీసీ ఆధారంగా. కెమెరాలు, వేదికలు రెండూ దాన్ని పూర్తిగా అందుకునేదాకా మేటర్ గుర్తు ఒక్కదాన్నే నమ్మి కొనవద్దని నా సలహా.

కొనే ముందు పెట్టె మీద కాకుండా కెమెరా మాన్యువల్‌లో ఆర్‌టీఎస్‌పీ, ఆన్విఫ్ అన్న మాటలు ఉన్నాయేమో వెతకండి. ఆన్విఫ్‌లో ప్రొఫైల్ టీ అనే విభాగానికి మద్దతు ఉంటే ఇంకా మంచిది. కొన్నింటిలో ఈ సౌకర్యం ఉన్నా సెట్టింగుల్లో ఆపేసి ఉంటుంది, ఆన్విఫ్‌కు వేరే యూజరును సృష్టించమని కూడా అడుగుతుంది. ఇంటికి తెచ్చాక, గోడకు రంధ్రం వేయకముందే, బల్ల మీద పెట్టి కంప్యూటరులోని వీఎల్‌సీ ప్లేయరులో స్ట్రీము తెరిచి చూడండి. తెరుచుకున్నాక ఒక లైటుకు ముడిపెట్టి, రౌటరు నుంచి ఇంటర్నెట్ తీగ తీసేసి, కెమెరా ముందు నడవండి. లైటు వెలగకపోతే దాన్ని తిరిగి ఇచ్చేయడానికి ఇంకా సమయం ఉంటుంది.