10ఎక్స్ లెన్స్: గడ్డికి సూపర్, చిమ్మటకు అంతంతే

ఫిన్లాండ్‌లో తడి మైదానాల్లో తిరిగేటప్పుడు వాడదామని మడిచి జేబులో పెట్టుకునే 10ఎక్స్ ట్రిప్లెట్ లెన్స్ (మూడు అద్దాలు కలిపి చేసిన, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం) కొన్నాను. అక్కడ కుదుళ్లు కుదుళ్లుగా పెరిగే డెషాంప్సియా సెస్పిటోసా అనే గడ్డి మీద ఇది అదరగొట్టింది. ఆకును వెలుతురుకేసి పట్టి చూస్తే పొడవునా తెల్లని చారలు, గీరుకునే గట్లు, ఆకు కాండాన్ని వదిలే చోట మొనదేలిన పలచటి పొర, చిరుకంకుల్లో సన్నటి మీసాలు, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, ఇంకేం కావాలి! గడ్డి కదలదు కదా, అదే పెద్ద సుఖం. గాలి వీస్తే మాత్రం ఆకు తెంపుకోవాల్సిందే.

ఎలాకిస్టా అనే చిట్టి రెక్కల పురుగుల (చిమ్మటల) దగ్గరికొచ్చేసరికి కథ వేరు. రెక్కలు చాచినా చాలావాటికి సెంటీమీటరు దాటదు. లెన్స్‌ను రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తేవాలి, అంత దగ్గరికెళ్తే అది ఎగిరిపోకుండా ఉంటుందా? చిన్న డబ్బాలో పెడితే రెక్కల మీద మచ్చలు, పట్టీలు కనిపిస్తాయి గానీ, చాలా జాతులు ఒకేలా ఉంటాయి కాబట్టి జననాంగాలను విడదీసి మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప పేరు తేలదు. అది లెన్స్ తప్పు కాదు లెండి. వీటి లార్వాలు గడ్డి ఆకు రెండు పొరల మధ్య తొలుచుకుంటూ బతుకుతాయి, కొన్ని ఈ డెషాంప్సియాలోనే. ఆ పాలిపోయిన గీతను, లోపలి పురుగును చూడటానికి మాత్రం ఇది భలే పనికొస్తుంది.

గడ్డి కోసమైతే కళ్లు మూసుకుని కొనండి. చిమ్మటల కోసమే అయితే ఆ డబ్బు మైక్రోస్కోప్‌కి దాచుకోండి.