నాన్నతో ఫాలింగ్‌వాటర్ ట్రిప్

పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకి పెన్ హిల్స్ వెంకన్న గుడే కదా, మేమూ శుక్రవారం దర్శనం చేసుకుని క్యాంటీన్ పులిహోర పార్సిల్ కట్టించుకుని, శనివారం పొద్దున్నే ఫాలింగ్‌వాటర్‌కి, అంటే జలపాతం మీద కట్టిన ఆ పేరున్న ఇంటికి బయల్దేరాం. గంటన్నర డ్రైవ్. ఆ ఇల్లున్న ఊరు మిల్ రన్ దగ్గరపడేసరికి సిగ్నల్ పోయింది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. టికెట్ కూడా ముందే తీసుకోవాలి, అక్కడికెళ్ళి తీసుకుందాంలే అంటే కుదరకపోవచ్చు. 6 ఏళ్ళ లోపు పిల్లల్ని లోపలి టూర్‌కి రానివ్వరు, మా చిన్నోడికి నాలుగే, అందుకని నేనూ నాన్నే వెళ్ళాం, మా ఆవిడ వాడితో బయట అడవిలో తిరిగింది.

నాన్న రిటైర్డ్ సివిల్ ఇంజనీర్. ఇల్లు కనపడగానే మొదటి మాట, "ఏరా, కింద కాలమ్ ఏది?" నిజంగానే కింద స్తంభం లేదు మరి. ఓనర్ కాఫ్‌మన్ జలపాతం కనపడేలా ఇల్లు కట్టమంటే ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో ఏకంగా జలపాతం మీదే ప్లాన్ గీశాడు, కాంక్రీట్ బాల్కనీలు వాగు మీదకి గాల్లో చాచుకుని ఉంటాయి. కాఫ్‌మన్ పెట్టుకున్న ఇంజనీర్లు స్టీలు రెట్టింపు వేయించినా బాల్కనీ దాదాపు 7 అంగుళాలు కుంగిందట, 2002లో లోపల కేబుల్స్ వేసి బిగించి నిలబెట్టారు. ఇది విన్నాక నాన్న మొహం చూడాలి, "నే చెప్పలా?" అన్నట్టు.

లోపల నాకు బాగా నచ్చింది చలి కాచుకునే పొయ్యి దగ్గర బండ. కొండరాయిని కొట్టెయ్యకుండా అలాగే వదిలేసి, చుట్టూ ఫ్లోర్‌కి మాత్రం మెరుపొచ్చేలా మైనం పట్టించారు, దాంతో నీళ్ళలోంచి ఎండురాయి తేలినట్టుంటుంది. హాల్లోంచి మెట్లు దిగితే నేరుగా వాగే. సీలింగులు మాత్రం బాగా కిందికి, బెడ్‌రూములు ఇరుకు, నీళ్ళ చప్పుడైతే ఎక్కడికెళ్ళినా వదలదు. ఇందులో ఉండమంటే నేనుండను, చూడ్డానికి మాత్రం ఇంకోసారైనా వెళ్తా.

రాత్రి దిగిన మోటెల్ సంగతి వదిలేయండి, దుప్పట్లు తడివాసన, హీటర్ మోత. పొద్దున కాఫీ మిషన్ పనిచెయ్యలేదు, ఆ పులిహోరే కాపాడింది.

మర్నాడు దగ్గర్లోనే ఉన్న కెంటక్ నాబ్ అనే ఇంటికి వెళ్ళాం, అదీ రైట్ డిజైనే, 1956 నాటిది. కొండ వాలులో ఒదిగి, ఆరు మూలల వంటిల్లు, పైన రాగి రేకు కప్పు. జనం తక్కువ, హడావిడి లేదు. నాన్న గోడ మీద చెయ్యేసి చుట్టూ చూసి, "దీనికైతే నేనూ సంతకం పెట్టేవాణ్ణి" అన్నారు.