మా కాలేజీ న్యాయసహాయ కేంద్రం: చేరాలనుకునే తెలుగు విద్యార్థులకు నా సమీక్ష

బెంగళూరులో అయిదేళ్ల లా కోర్సు చదువుతూ, మూడో సంవత్సరం నుంచి మా కాలేజీ న్యాయసహాయ కేంద్రంలో పనిచేస్తున్నాను. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ చేరుతున్న జూనియర్లు, ఆ కేంద్రంలో నిజంగా ఏమైనా నేర్చుకుంటామా, చివరికి సర్టిఫికెట్టు ఒక్కటే మిగులుతుందా అని అడుగుతున్నారు. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక కాలేజీ పేరు రాయడం లేదు.

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అయిదేళ్ల కోర్సు చదివేవారు కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. నా తోటివారిలో చాలామంది ఆ వారాలన్నీ పెద్ద లా సంస్థల కార్యాలయాల్లోనే గడిపారు. లా కాలేజీల్లో న్యాయసహాయ కేంద్రాలు ఏర్పడేలా, సరిగా నడిచేలా చూడడం జాతీయ న్యాయ సేవల అథారిటీ బాధ్యతల్లో ఒకటని 1987 నాటి న్యాయ సేవల అథారిటీల చట్టమే చెబుతున్నది. అంటే ఇది కాలేజీ దయతో పెట్టిన సంఘం కాదు, ప్రజలకు మనం బాకీపడిన పని అని నేను నమ్ముతున్నాను.

మా కేంద్రం శనివారాల్లో పౌరకార్మికుల (పారిశుద్ధ్య కార్మికుల) కాలనీ పక్కనున్న సముదాయ భవనంలో కూర్చుంటుంది. ఈ నగర వీధులు ఊడ్చేవారిలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి తెలుగులో కన్నడం కలిసిపోయి ఉంటుంది; అర్జీలు మాత్రం ఎక్కువగా కన్నడంలోనే రాయవలసి వస్తుంది. ఇక్కడ తెలుగు విద్యార్థి అవసరం ఎంత ఉందో నాకు మొదటి నెలలోనే అర్థమైంది.

ఒక శనివారం ఒకావిడ చీరల దుకాణం కవరులో కాగితాలన్నీ పెట్టుకొని వచ్చింది. కాంట్రాక్టరు దగ్గర చెత్త ఆటోలో పనిచేసిన ఆమె భర్త చనిపోయి ఏడాది దాటినా పీఎఫ్ డబ్బు చేతికి రాలేదు. కారణం చిన్నది: ఆధార్‌లో ఆయన పేరు చివర 'అప్ప' ఉంది, పీఎఫ్ లెక్కల్లో లేదు. "పాపా, పేరులో అప్ప లేకపోతే ఆయన నా మొగుడు కాకుండా పోతాడా?" అని ఆమె అడిగినప్పుడు నేను, "అక్కా, పేరు సరిచేయించే దారి ఉంటుంది, కనుక్కొని చెబుతాను" అని మాత్రమే అనగలిగాను.

ఆ రాత్రి నేను రాసిన అర్జీ ఉచిత న్యాయసహాయం గురించి చెప్పే రాజ్యాంగంలోని 39ఎ అధికరణంతో మొదలైంది. మా కేంద్రానికి వచ్చే సీనియర్ న్యాయవాది మొదటి పేజీ మొత్తం కొట్టేసి, మరణించిన తేదీ, పీఎఫ్ నంబరు, పేరులోని తేడా, ఈ మూడూ మొదటి నాలుగు వరుసల్లోనే కనిపించాలని చెప్పారు. పేరు సవరణకు జాయింట్ డిక్లరేషన్ (ఉద్యోగి తరఫువారు, యజమాని కలిసి ఇచ్చే ధ్రువీకరణ) మీద కాంట్రాక్టరు సంతకం కావాలి. ఆ తరువాత పీఎఫ్‌కు ఫారం 20, వితంతు పింఛనుకు 10-డి, బీమాకు 5-ఐఎఫ్. పీఎఫ్ ఖాతాతోపాటు ఉద్యోగికి బీమా కూడా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిజానికి ఆ వారం వరకూ నాకూ తెలియదు. కాంట్రాక్టరు కార్యాలయం చుట్టూ మూడు నెలలు తిరిగాక పీఎఫ్, బీమా డబ్బు వచ్చాయి. పింఛను ఇంకా రావాలి. నాలుగు సెమిస్టర్లలో చదివిన కార్మిక చట్టాలకన్నా ఈ మూడు నెలల్లో నేర్చుకున్నది ఎక్కువ.

కోర్టులో వాదించే అధికారం విద్యార్థులకు లేదు. వ్యవహారం అక్కడిదాకా వెళ్తే జిల్లా న్యాయ సేవల అథారిటీకి దరఖాస్తు రాసి పంపుతాము. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని న్యాయ సేవల అథారిటీల చట్టంలోని 12వ సెక్షన్ చెబుతున్నది. ఈ మాట, న్యాయసహాయం కోసం పిలవవలసిన 15100 అన్న ఫోన్ నంబరు కాలనీలో ప్రతి ఇంటికీ తెలియజేయడం కూడా మా పనే. ప్రజాప్రయోజన వ్యాజ్యాలు, పరిశోధన ఇష్టమైనవారు ఈ నగరంలోనే 2000లో మొదలైన ఆల్టర్నేటివ్ లా ఫోరం వంటి సంస్థల వైపు చూడవచ్చు.

ఇక లోపాల సంగతి. అవగాహన సదస్సుల పేరుతో బ్యానరు కట్టి, ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చి, ఫొటో దిగి వచ్చిన రోజులు ఉన్నాయి. అవి ఎవరికీ ఉపయోగపడలేదు. అంతకన్నా పెద్ద లోపం పరీక్షల నెలల్లో కేంద్రం మూతపడడం. బోగ్యానికి (నెలనెలా అద్దె కాకుండా ఒకేసారి పెద్ద మొత్తం అడ్వాన్సు ఇచ్చి) తీసుకున్న ఇల్లు ఖాళీ చేసినా అడ్వాన్సు తిరిగి రాని ఒక పెద్దాయన, మేము రమ్మన్న మూడు శనివారాలూ వచ్చి తాళం చూసి వెళ్లిపోయారు. మా రిజిస్టరులో ఆయన పేరు, సమస్య ఉన్నాయి గాని ఫోన్ నంబరు లేదు. ఆయన నాలుగోసారి రాలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది.

స్టైపెండ్ లేదు, దారి ఖర్చులు మనవే. శక్తి పథకం కింద బస్సులో ఉచిత ప్రయాణం కర్ణాటక మహిళలకే. నా ఆధార్ హిందూపురం చిరునామాతో ఉంది కనుక ప్రతివారం టికెట్టు కొన్నాను. అయినా చేరమనే చెబుతాను. కనీసం ఏడాది ఉండగలిగినవారే చేరాలి, ఆలోగా కన్నడ లిపి చదవడం నేర్చుకోవాలి.

రిజిస్టరులో ఫోన్ నంబరుకు, కేసు ఎవరి చేతిలో ఉందో రాయడానికి రెండు గడులు చేర్చాలని, పరీక్షల సమయంలో వంతులవారీగా కేంద్రాన్ని తెరిచి ఉంచాలని మేము ఆరుగురం సంతకాలు చేసి కాలేజీకి వినతిపత్రం ఇచ్చాము. గడులు చేర్చారు. తాళం విషయంలో జవాబు రావలసి ఉంది.