రెండేళ్లుగా క్రిటాలో గోడలు, పెంకులు గీశాక

ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం ఐదుగురం కలిసి ఒక చిన్న త్రీడీ గేమ్ మొదలుపెట్టాం. పాత పెంకుటిల్లు, వెనక పెరడు, బావి, ముందు ఒక సందు, గేమ్ అంతా అక్కడే నడుస్తుంది. ఇద్దరు కోడ్ చూసుకున్నారు, ఒకరు మోడలింగ్, ఒకరు సౌండ్, టెక్స్చర్లు, అంటే మోడల్ పైన అతికించే గోడ, నేల, కప్పు బొమ్మలు నా వంతు. నా దగ్గర ఉన్నది 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, ఒక చిన్న పెన్ ట్యాబ్లెట్. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేం కాబట్టి బొమ్మలు గీయడానికి ఉచితంగా దొరికే క్రిటా వేసుకున్నాను. ప్రాజెక్ట్ మార్కులు వచ్చేశాక కూడా ఆ గేమ్‌ని మేం వదల్లేదు, రెండేళ్లు దాటింది, వారానికి మూడు నాలుగు రోజులైనా క్రిటా తెరుస్తూనే ఉన్నాను.

నాకు ఇందులో అన్నిటికంటే అక్కరకొచ్చింది ఒకే ఒక్క కీ. డబ్ల్యూ నొక్కితే ర్యాప్ అరౌండ్ మోడ్ వస్తుంది, అంటే మీరు గీస్తున్న బొమ్మే చుట్టూ మళ్లీ మళ్లీ పరుచుకుని కనిపిస్తుంది, కుడి అంచు దాటించి బ్రష్ లాగితే ఆ గీత ఎడమ అంచులోంచి వస్తుంది. ఇది తెలియక మొదటి నెల అంతా బొమ్మని సగానికి జరపడం, మధ్యలో పడ్డ అతుకు చెరపడం, మళ్లీ జరిపి చూడటం, ఇదే పని. డబ్ల్యూ తెలిశాక ఒక ఇటుక వరస మొదలుపెట్టి చివరిదాకా ఆగకుండా గీశాను, ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అడ్డంగా మాత్రమే, లేదా నిలువుగా మాత్రమే చుట్టుకునేలా కూడా పెట్టుకోవచ్చు, గోడ కింద నడిచే అరుగు అంచుకో, దూలం మీది చెక్కడానికో అది చాలా బాగుంటుంది. ఒక్కటి చూసుకోండి, సెట్టింగ్స్‌లో కాన్వాస్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేసి ఉంటే ఈ మోడ్ ఆన్ చేసినా కంటికి కనపడదు. మా టీమ్‌లో ఒకరి పాత లాప్‌టాప్‌లో సరిగ్గా అదే జరిగి ఒక సాయంత్రం పోయింది.

అయితే అతుకు పోవడం వేరు, రిపీట్ అవుతున్నట్టు తెలియకపోవడం వేరు. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, పైకప్పు చేసినప్పుడు తెలిసింది. బంగళా పెంకులు ఎంతో ఇష్టంగా గీశాను, ఒక పెంకుకి మూల విరిగినట్టు, దాని పక్కన పాకుడు పట్టినట్టు వేశాను, క్రిటాలో చూస్తే ప్రాణం ఉన్నట్టే ఉంది. గేమ్‌లో పెట్టి సందు చివర నుంచి చూస్తే ఆ విరిగిన పెంకు కప్పు మీద 12 చోట్ల వరసగా, అచ్చు కొట్టినట్టు కనపడింది. అతుకు ఎక్కడా లేదు, కానీ చూసేవాళ్ల కన్ను నేరుగా ఆ 12 పెంకుల మీదికే పోతుంది. అప్పటినుంచి రిపీట్ అయ్యే బొమ్మలో కంటిని లాగేది ఏదీ ఉంచడం లేదు. రంగు తేడాలు చిన్నవిగా, అంతటా సమానంగా ఉంటాయి, విరుగుళ్లు, మరకలు, పెచ్చులు ఊడిన చోట్లు వేరే బొమ్మలుగా చేసి, మా గేమ్ నడిచే గోడాట్ ఇంజిన్‌లో డెకాల్స్‌గా, అంటే స్టిక్కర్లలా అతికిస్తాను. పైన ఇంకో పెద్ద కొలతలో మురికి మాస్క్, అంటే మురికి ఎక్కడ పడాలో చెప్పే పొర వేస్తాను, అది వేరే లెక్కలో రిపీట్ అవుతుంది కాబట్టి రెండూ కలిసి ఒకే చోట పడవు. ర్యాప్ మోడ్‌లో పనిచేసేటప్పుడు ప్రతి పది నిమిషాలకు బాగా జూమ్ అవుట్ చేసి, కళ్లు కొంచెం చిన్నవి చేసి చూడటం ఇప్పుడు అలవాటైపోయింది. అలా చూసినప్పుడు ఏ చుక్క ముందు కనిపిస్తే దాన్నే ముందు చెరుపుతాను.

గోడల కోసం మా అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లి పాత ఇంటి సున్నం గోడలు, షాబాద్ బండల నేల, గడప, గూన పెంకులు ఫోన్‌తో తీసుకొచ్చాను. "గోడకు ఫొటోలేంది బిడ్డా, నాకు తియ్యరాదు" అంది అమ్మమ్మ, ఆమెకూ తీశాను. మొదటిసారి మధ్యాహ్నం ఎండలో తీసినవన్నీ దండగయ్యాయి, ఎందుకంటే ఎండ నీడలు ఫొటోలోనే ఉండిపోతాయి, గేమ్‌లో దీపం ఎటువైపు పెట్టినా గోడ మీద ఆ పాత నీడే ఉంటుంది. రెండోసారి మబ్బు పట్టిన పొద్దున తీశాను, ఫోన్ గోడకి తిన్నగా పట్టుకుని, ఒక పక్క స్కేలు పెట్టి. అప్పటికీ ఒక మూల వెలుగు ఎక్కువ, ఒక మూల తక్కువ ఉంటుంది. క్రిటాలో గాసియన్ హై పాస్ ఫిల్టర్‌తో అది సమం చేసుకుని, మిగిలింది క్లోన్ బ్రష్‌తో సరిచేశాను. పూర్తిగా ఫొటో వాడటం నాకు నచ్చదు, ఫొటో కింద పెట్టుకుని దాని మీద చేత్తో గీసినదే మా గేమ్‌కి కుదిరింది.

నార్మల్ మ్యాప్ అంటే చదునైన గోడ మీద వెలుగు ఎత్తుపల్లాలు ఉన్నట్టు పడేలా చేసే బొమ్మ, వాటి విషయంలో నేను రెండు తప్పులు చేశాను, మీరు చేయకండి. ఎత్తుపల్లాలు నలుపు తెలుపుల్లో గీసి, హైట్ టు నార్మల్ మ్యాప్ ఫిల్టర్ వేస్తే పని అయిపోతుంది, కానీ ఆ ఫైల్ 8 బిట్‌లో ఉంటే నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే ఉంటాయి, దాంతో సున్నం గోడ మీద మెల్లగా ఉబ్బాల్సిన చోట మెట్లు మెట్లుగా చారలొచ్చాయి. 16 బిట్‌లో మొదటినుంచీ గీస్తే ఆ బాధ లేదు. రెండోది ఆకుపచ్చ ఛానల్, నార్మల్ మ్యాప్‌లో వంపు పైకా కిందికా అని చెప్పేది అదే. గేమ్ ఇంజిన్లు గోడాట్, యూనిటీ, మోడలింగ్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఒక పద్ధతి, అన్‌రియల్ ఇంజిన్ దానికి ఉల్టా. డౌన్‌లోడ్ చేసిన ఒక ఇటుక గోడకి తెలియక ఉల్టాది పెట్టాం, ఇటుకలు బయటికి రావాల్సింది పోయి లోపలికి గుంటల్లా కనిపించాయి, లైటింగ్ తప్పనుకుని రెండు రోజులు లైట్లు మార్చుకుంటూ కూర్చున్నాం. క్రిటా ఫిల్టర్‌లో ఆ దిక్కు మార్చుకునే వీలుంది. పాలీ హేవెన్, యాంబియంట్ సీజీ అనే ఉచిత టెక్స్చర్ల సైట్ల నుంచి దించుకునేవాటికి రెండు రకాలూ ఇస్తారు, ఫైల్ పేరులో జీఎల్ (గోడాట్ పద్ధతి) ఉన్నదా డీఎక్స్ (అన్‌రియల్ పద్ధతి) ఉన్నదా చూసుకుంటే చాలు.

టీమ్‌గా పనిచేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ కంటే కొలతే ముఖ్యం. మా తలుపుకి మీటరుకి 1024 పిక్సెళ్లు, దాని పక్క గోడకి మీటరుకి 256 పడ్డాయి, తలుపు అద్దంలా, గోడ మసకగా, రెండూ రెండు వేరే గేముల్లోంచి తెచ్చినట్టు ఉన్నాయి. కూర్చుని మీటరుకి 512 అని ఖాయం చేసుకున్నాం, సగం పని మళ్లీ చేయాల్సి వచ్చింది, అయినా చేశాం. మెమరీ లెక్క కూడా మొదటే వేసుకోండి. 2048 చదరం బొమ్మ కంప్రెస్ చేయకపోతే 16 ఎంబీ, దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న కాపీలు, అంటే మిప్‌మ్యాప్‌లతో 21 దాటుతుంది, ఒక గోడకి అలాంటివి మూడు. అందుకే నీడ, గరుకుదనం, లోహం మూడింటినీ ఒకే బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లలో సర్దేస్తున్నాం. మా ఇంట్లో లోహం అంటే బావి గిలక, తలుపు గడియ, ఇంకేం లేదు. ఇంకో సంగతి, లేయర్లన్నీ ఉన్న క్రిటా అసలు ఫైళ్లు కోడ్‌తో పాటు గిట్‌లో (కోడ్ మార్పులు దాచుకునే చోటు) పెట్టకండి, మావి వంద ఎంబీ దాటి గిట్‌హబ్‌కి అప్‌లోడ్ ఆగిపోయింది, సబ్మిషన్ ముందు రోజు ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. గిట్‌లోకి పీఎన్‌జీలు మాత్రమే, అసలువి వేరే డ్రైవ్‌లో.

క్రిటా ఎక్కడ సరిపోదో కూడా చెప్పాలి. మోడల్‌ని తిప్పుతూ దాని మీదే రంగు వేయడం ఇందులో లేదు. బిందె, కుండ, గిలక లాంటివాటికి నేను బ్లెండర్‌లో మోడల్ మీదే మొదట రంగు వేసి, ఆ బొమ్మని క్రిటాకి తెచ్చి మెరుగు పెడతాను, అటూ ఇటూ తిరగడానికి టైమ్ పడుతుంది. నా 8 జీబీ మెషీన్‌లో 4096 కొలతతో, 16 బిట్‌లో పదిహేను లేయర్లు దాటితే బ్రష్ చేతి వెనక వస్తుంది, కాబట్టి 2048లోనే గీస్తాను. మీ గేమ్ నిండా తుపాకులు, బండ్లు, యంత్రాలు ఉంటే మోడల్ మీద రంగు వేసే సాఫ్ట్‌వేర్ చూసుకోవడమే మంచిది. గోడలు, నేలలు, కప్పులు, గుడ్డలు, చెట్ల బెరడు ఎక్కువగా ఉంటే మాత్రం క్రిటా వేసుకుని ముందు డబ్ల్యూ నొక్కండి. నేను ఈ వారం వానకి తడిసిన షాబాద్ బండ మీద పని చేస్తున్నాను, తడి ఉన్న చోట గరుకుదనం ఎంత తగ్గించాలో ఇంకా కుదరలేదు.