సిల్ఫ్రాకు ముందు స్టోనీ కోవ్: డ్రైసూట్‌లో బరువు లెక్క

సిల్ఫ్రాలో డైవింగ్ గురించి మనవాళ్లు నన్ను మొదట అడిగేది ఖర్చెంత అని. నీళ్లు లోపలికి రాని డ్రైసూట్‌తో డైవింగ్ ఎక్కడ నేర్చుకుంటున్నారన్నది నేను తిరిగి అడిగే ప్రశ్న. ఐస్‌లాండ్‌లోని థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్కులో ఉన్న ఆ రాతి చీలికలో నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. డ్రైసూట్ తప్పనిసరి, దాంట్లో డైవ్ చేసిన అనుభవం కూడా చూపించాలి. ఆ అనుభవమేదో అక్కడే సంపాదిద్దామనుకోకండి. ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లయితే ముందు లెస్టర్‌షైర్‌లో నీళ్లు నిండిన పాత క్వారీ స్టోనీ కోవ్‌కి వెళ్లండి. మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటాం కాబట్టి మాకు అది దగ్గర కూడా.

నేను డైవింగ్ మొదలుపెట్టింది అండమాన్‌లో, హావ్‌లాక్ దగ్గర. అక్కడ నీళ్లు 28 డిగ్రీలు. పల్చటి వెట్‌సూట్, మునగడానికి నడుముకి కాస్త సీసం, బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో) కొంచెం గాలి ఉంటే పనైపోతుంది. డ్రైసూట్‌లో ఒంటి చుట్టూ ఇంకో గాలిపొర చేరుతుంది. లోపల వేసుకునే దళసరి అండర్‌సూట్ గాలిని పట్టి ఉంచితేనే వెచ్చదనం. ఆ గాలే మనల్ని పైకి తేలుస్తుంది కాబట్టి సీసం ఎక్కువ కావాలి. కిందికి దిగేకొద్దీ గాలి కుంచించుకుపోయి 10 మీటర్ల దగ్గర సగమవుతుంది. సూట్ బిగుసుకుని మడతల దగ్గర చర్మాన్ని గిల్లుతుంది. దీన్నే స్క్వీజ్ అంటారు. ఛాతీ మీది వాల్వ్ నొక్కి కాస్త గాలి ఎక్కిస్తే ఆ పట్టు వదులుతుంది. పైకి వచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది. ఎడమ భుజం కింద ఉండే డంప్ వాల్వ్‌లోంచి అది బయటికి పోకపోతే మనిషి ఆగకుండా పైకి తేలిపోతాడు.

అసలు చిక్కంతా అదనపు సీసంతోనే. కావలసినదానికన్నా 3 కిలోలు ఎక్కువ కట్టుకున్నామంటే, మునిగిపోకుండా ఉండటానికి దాదాపు 3 లీటర్ల గాలి అదనంగా నింపుకోవాలి. 10 మీటర్ల నుంచి పైకి వస్తుంటే ఆ 3 లీటర్లు 6 అవుతాయి. సిల్ఫ్రాలో 18 మీటర్లు దాటనివ్వరు, డైవ్‌లో చాలా భాగం అంతకన్నా బాగా పైనే సాగుతుంది. గాలి పరిమాణం త్వరత్వరగా మారేది సరిగ్గా ఆ లోతుల్లోనే. అందుకే లోతు తక్కువ కదా, తేలిక అనుకోవద్దు.

స్టోనీ కోవ్ ఒకప్పటి గ్రానైట్ క్వారీ. నీళ్లలో పచ్చటి మసక, చూడటానికి పైక్ చేపలు, మునిగిన వస్తువులు, స్టేన్‌గార్త్ అనే పాత ఆవిరి టగ్ పడవ. అందం కోసం వెళ్లే చోటు కాదు. దాని గొప్పతనం దాదాపు 6 మీటర్ల లోతులో ఉన్న వెడల్పైన మెట్టు. అదుపు తప్పి మునిగినా ఎక్కువ లోతుకు పోం. డైవ్ చివర సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్ మిగిలి ఉండగా ఇన్‌స్ట్రక్టర్ నన్ను 3 మీటర్లకు తీసుకొచ్చి, బీసీడీ ఖాళీ చేయించి, డంప్ వాల్వ్ పూర్తిగా తెరిపించారు. మామూలుగా ఊపిరి తీసుకుంటూ కదలకుండా ఉండమని సైగ చేశారు. మెల్లగా మునుగుతున్నాను. ఆయన నా జేబులోంచి కిలో సీసం తీసి తన జేబులో వేసుకున్నారు. అయినా దిగుతూనే ఉన్నాను. ఇంకోటి తీశారు. అప్పుడు తక్కెడ ముల్లు నడిమికి వచ్చినట్టు కుదిరింది. ఊపిరి పీలిస్తే ఓ జానెడు పైకి, వదిలితే మళ్లీ ఆ జానెడు కిందికి. కాళ్లు ఆడించే పనే లేదు.

ఈ పరీక్ష చివర్లోనే చేయడానికి కారణముంది. 232 బార్ నింపిన 12 లీటర్ల స్టీల్ సిలిండర్‌లో 50 బార్ మిగిలేసరికి రెండున్నర కిలోల గాలి వాడేసి ఉంటాం. నిండు సిలిండర్‌తో సరిగ్గా కుదిరిన బరువు పైకి వచ్చేముందు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ దగ్గర చాలదు. బాయన్సీకి, అంటే తేలడం, మునగడం అదుపు చేసుకోవడానికి, సూట్ వాడాలా, బీసీడీ వాడాలా అని డైవర్ల మధ్య ఎడతెగని వాదన ఉంది, రెండూ నేర్పిస్తారు. బరువు సరిపోయాక నాకు ఆ తేడా పెద్దగా కనిపించలేదు. స్క్వీజ్ పోయేంత గాలి ఎక్కిస్తే అదే సరిపోతోంది.

గాలి కాళ్లలోకి చేరి తలకిందులైతే ఏం చేయాలో కూడా ఆ మెట్టు మీదే సాధన చేయండి. మోకాళ్లు ఛాతీకి లాక్కుని ఒక దొర్లు దొర్లి, తల పైకి రాగానే గాలి వదిలేయాలి. మాటల్లో తేలికే, చేతులకు అలవాటు కావాలి.

సూట్ అద్దెకు తీసుకునేటప్పుడు మెడ దగ్గరి సీల్ చూసుకోండి. ఒక దుకాణంలో నాకిచ్చిన సూట్‌కి అది వదులు. నడుం దాకా అండర్‌సూట్ తడిసి వణుకుతూ బయటికి రావాల్సి వచ్చింది. బూట్లు పెద్దవైతే గాలి పాదాల్లో చేరుతుంది, అదీ గమనించండి. శని, ఆదివారాలు స్టోనీ కోవ్‌లో జనం ఎక్కువ, వీలైతే మామూలు రోజున వెళ్లండి. బసకి లెస్టర్ హాయి. బెల్‌గ్రేవ్ రోడ్డులో గుజరాతీ శాకాహార భోజనం దొరుకుతుంది. లాంకషైర్‌లోని కేపర్న్‌రే క్వారీ కూడా బాగుంటుంది కానీ మాకు దూరం.

ఇక సిల్ఫ్రా. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు దశాబ్దాలపాటు లావా రాళ్లలోంచి వడకట్టుకుని వస్తుంది. చూపు 100 మీటర్లు పోతుంది. కెథెడ్రల్ అనే భాగంలోకి రాగానే రెండువైపులా నల్లటి గోడలు, వాటి మధ్య నీలం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకేసారి కనిపించాయి. బరువు గురించి ఆలోచన లేకపోబట్టే కళ్లారా చూడగలిగాను. చివర్లో వచ్చే లాగూన్ బాగా లోతు తక్కువ, అడుగున మెత్తటి మడ్డి. కాలి ఫిన్ (ఈత రెక్క) తగిలితే వెనక వచ్చేవాళ్లకి ఏమీ కనిపించదు. మా ఆవిడ పైనే తేలుతూ గొట్టంతో ఊపిరి తీసుకునే స్నార్కెలింగ్ చేసింది. దానికి డైవింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఈత వస్తే చాలు. ఇద్దరికీ ముఖం, పెదాలు మొద్దుబారాయి. చేతులు అన్నిటికన్నా ముందు చల్లబడ్డాయి.

బుక్ చేసేముందు మీరు వాడే అండర్‌సూట్, సిలిండర్, బరువు వివరాలు అడిగే కంపెనీనే ఎంచుకోండి. క్వారీ నీరూ, సిల్ఫ్రా నీరూ మంచినీళ్లే కాబట్టి క్వారీలో కుదిరిన లెక్క సిల్ఫ్రాకి దాదాపు పనికొస్తుంది. అదే సముద్రంలో అయితే, సామానుతో కలిపి 100 కిలోలున్న మనిషికి సుమారు రెండున్నర కిలోలు కలపాలి. మేం రేక్యావిక్‌లో బస చేశాం. అక్కడినుంచి థింగ్‌వెల్లిర్ కారులో ముప్పావుగంట. కొళాయి వేడినీళ్లకి గంధకం వాసన ఉంటుంది, కంగారు పడొద్దు. రెండు డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలి. అందుకని సిల్ఫ్రాని ప్రయాణం మొదట్లోనే పెట్టుకుని, గేసిర్ వేడినీటి ఊటలు, గుల్‌ఫాస్ జలపాతం ఆ తర్వాత చూడండి.