స్ట్రీక్ కెమెరా: కొనే ఆలోచన ఉంటే ముందు ఇది చదవండి

సీసాలోంచి లేజర్ వెలుగు ముద్దలా కదిలిపోయే ఎంఐటీ (అమెరికాలోని సాంకేతిక విశ్వవిద్యాలయం) వీడియో చూసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: మీ ల్యాబ్‌లో ఉన్నదీ అదేనా, రోజూ అలాంటివే తీస్తారా అని. కెమెరా ఆ జాతిదే, స్ట్రీక్ కెమెరా, అంటే వెలుగులో పికోసెకన్ల (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) మార్పుల్ని పట్టేది, కానీ అలాంటి వీడియోలు మేం తీయం. పీహెచ్‌డీ రోజుల నుంచీ నేను దీన్ని వాడుతున్నది సోలార్ సెల్ పదార్థాల మీద లేజర్ కొట్టి, వాటి మెరుపు ఎంతసేపట్లో ఆరిపోతుందో కొలవడానికి. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే కింద కొంచెం తిట్టబోతున్నాను.

అసలు సంగతేంటంటే ఇది మామూలు కెమెరాలా బొమ్మ తీయదు, ఒక్క గీతను మాత్రమే చూస్తుంది. స్లిట్ (సన్నని చీలిక) గుండా వచ్చిన వెలుగు ఫోటోక్యాథోడ్ అనే పొర మీద పడి ఎలక్ట్రాన్లుగా మారుతుంది, వాటిని పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో లాగే దారి మళ్లిస్తారు, అక్కడ అయస్కాంత కాయిల్స్‌తో, ఇక్కడ వోల్టేజ్‌తో, కాకపోతే ఇక్కడ ఆ మళ్లింపు ఎంత వేగమంటే ముందొచ్చిన ఎలక్ట్రాన్ పైన, కొన్ని పికోసెకన్లు వెనకొచ్చింది కింద పడుతుంది. అంటే తెర మీద అడ్డంగా చోటు, నిలువుగా కాలం.

కొత్తగా చేరిన స్టూడెంట్లకు దీన్ని ఇలా చూపిస్తాను. 10 సెంటీమీటర్ల గాజు తొట్టెలో నీళ్లు పోసి, వెలుగు చెదిరి కెమెరా దాకా రావాలని రెండు చుక్కలు పాలు కలిపి, కెమెరా ముందు అడ్డంగా లేజర్ పల్స్ పంపుతాం. తొట్టె దాటాక బీమ్ ఒక తెల్ల అట్టను ఒరుసుకుంటూ పోయేలా పెడతాం (అగరొత్తి పొగైతే ఇంకా బాగుంటుంది కానీ లెన్సుల దగ్గర అది వెలిగిస్తే మా ల్యాబ్ మేనేజర్ ఊరుకోరు). తెర మీద ఏటవాలు గీత పడుతుంది, నీళ్ల భాగంలో నిటారుగా, గాలిలోకి రాగానే కాస్త వాలిపోయి. అదే 10 సెంటీమీటర్లకు గాలిలో 334 పికోసెకన్లు పడితే నీళ్లలో 444 దాకా పడుతుంది. పాఠంలో చదువుకున్న వక్రీభవన గుణకం 1.33 కళ్లముందు వంపు తిరిగి కనబడుతుంది, ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. ఒక్క మెలిక ఉంది. కెమెరా నమోదు చేసేది వెలుగు అక్కడ ఎప్పుడుంది అని కాదు, తన దాకా ఎప్పుడొచ్చింది అని. తొట్టె అంచు మధ్యభాగం కంటే కెమెరాకు 3 మిల్లీమీటర్లు దూరమైతే చాలు, 10 పికోసెకన్ల తేడా వచ్చేస్తుంది, అది సరిచేయకుండా వాలు కొలిస్తే లెక్క తప్పు.

ఇక ఆ వీడియో సంగతి. మన నాసిక్‌లో పుట్టిన రమేష్ రస్కర్, ఆండ్రియాస్ వెల్టెన్‌ల ఎంఐటీ బృందం 2011లో చేసింది ఇదే, కాకపోతే అద్దాలు తిప్పుతూ సీన్‌ను ఒక్కో గీత చొప్పున తీసి కుట్టారు. ఒక్క సీసాకి గంట పట్టేది. అందుకే రస్కర్ దాన్ని ప్రపంచంలోకెల్లా నిదానమైన ఫాస్ట్ కెమెరా అని సరదాగా అనేవారు. చెప్పొచ్చేదేంటంటే, మళ్లీ మళ్లీ అచ్చం అలాగే జరిగే సంఘటనకే ఈ పద్ధతి పనికొస్తుంది. ఒక్కసారే జరిగేదాన్ని పట్టాలంటే అమెరికాలోనే లిహాంగ్ వాంగ్ అనే శాస్త్రవేత్త బృందం 2014లో చూపించిన దారి వేరే ఉంది, స్లిట్‌ను బాగా తెరిచి, బొమ్మ మీద ఒక కోడ్ (నలుపు తెలుపు గడుల నమూనా) వేసి, తర్వాత కంప్యూటర్‌తో విడదీయడం, ఒకే షాట్‌లో సెకనుకు 10,000 కోట్ల ఫ్రేములు. అది నేను వాడలేదు.

ఇప్పుడు తిట్లు. బ్రోషర్‌లో రాసినట్టు 2 పికోసెకన్ల తేడా కూడా విడిగా కనబడాలంటే లేజర్‌కీ కెమెరాకీ సింక్ కుదరాలి, ఉదయం ఆన్ చేసిన మొదటి గంటలో కుదరదు, ఏసీ గాలి మారినా గీత మెల్లగా జారిపోతుంటుంది. ఆ గీతను చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగంలో సగం. మా లేజర్ 12.5 నానోసెకన్లకు (నానోసెకను అంటే 1,000 పికోసెకన్లు) ఒక పల్స్ కొడుతుంది కాబట్టి శాంపిల్ మెరుపు అంతకంటే ఎక్కువసేపు ఉంటే పాత పల్స్ మిగులు కూడా బొమ్మలో కలిసిపోతుంది. అన్నిటికంటే టెన్షన్ పెట్టేది వెలుగే. గెయిన్ (వెలుగును ఎన్ని రెట్లు పెంచి చూపాలో ఆ సెట్టింగ్) పెంచి ఉండగా బీమ్ నేరుగా లోపలికి పడిందా, ఎలక్ట్రాన్లు నడిచే లోపలి ట్యూబ్ మీద మచ్చ శాశ్వతం. నాకంటే ముందు వాడినవాళ్ల పుణ్యమా అని మా దాంట్లో ఒకటుంది, ప్రతి డేటాలోనూ ఎడమ పక్క దర్శనమిస్తుంది. రిపేరుకు అడిగితే ట్యూబ్ మొత్తం మార్చాలన్నారు, చెప్పిన ధరకు మా ప్రొఫెసర్ నవ్వి ఊరుకున్నారు.

మీ మెరుపులు నానోసెకన్లలో ఆరేవైతే దీని జోలికి పోకండి, ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే టీసీఎస్‌పీసీ సెటప్ చాలా తక్కువలో వస్తుంది, సాఫ్ట్‌వేర్ తలనొప్పీ తక్కువే. పికోసెకన్లలో ఆరేవైతే, పైగా ఏ రంగు ఎప్పుడు ఆరిందో ఒకే బొమ్మలో కావాలంటే (స్లిట్ ముందు వెలుగును రంగులుగా విడదీస్తే తెర మీద అడ్డంగా చోటుకు బదులు రంగు వస్తుంది) మాత్రం దీనికి సాటి నేను చూడలేదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే స్లిట్ మూసి ఒక బొమ్మ, సమంగా పరిచిన వెలుగుతో ఒక బొమ్మ తీసి పంపమని అడగండి. మచ్చలు బయటపడేది రెండోదాంట్లోనే, అది పంపడానికి సాకులు చెప్తుంటే బేరం అక్కడే ఆపేయండి.