బొమ్మ సూపర్, సౌండ్‌లో దోమ: ఆరు నెలలు వాడిన సినిమా కెమెరా మీద నా రివ్యూ

బొమ్మ గురించి రెండు ముక్కల్లో చెప్పేసి పక్కన పెడతా. స్కిన్ టోన్లు బాగుంటాయి, హైలైట్లు మెత్తగా కరుగుతాయి, రా ఫైల్ గ్రేడింగ్‌లో ఎంత లాగినా సాగుతుంది, అక్కడ నాకు ఏ కంప్లైంటూ లేదు. ఈ రివ్యూ మొత్తం దాని చెవుల గురించే. డబ్బా లాంటి బాడీ, ఒక మినీ ఎక్స్ఎల్ఆర్ (ప్రొఫెషనల్ మైకులు గుచ్చే మూడు పిన్ల సాకెట్), ఒక 3.5 ఎంఎం జాక్ (ఇయర్‌ఫోన్ పిన్ సైజుది), వెనకాల బ్యాటరీ ప్లేటు ఉండే టైపు కెమెరా. మోడల్ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే జరిగిన గొడవలో దాని తప్పెంతో నా తప్పూ అంతే ఉంది, ఒక్కోచోట నాదే ఎక్కువ.

కొన్న కొత్తల్లో ఒక ఇంటర్వ్యూ షూట్ చేశాం. ఇద్దరు మనుషులు, రెండు ల్యాపెల్ మైకులు (కాలర్‌కి పెట్టుకునేవి), వాటి సిగ్నల్ అందుకునే వైర్‌లెస్ రిసీవర్‌ని కెమెరా కేజ్ (చుట్టూ ఉండే ఫ్రేమ్) మీదే బిగించా, దానికి కరెంటు కూడా బ్యాటరీ ప్లేటు మీదున్న డీ-ట్యాప్ అనే పవర్ సాకెట్ నుంచే ఇచ్చా, విడిగా బ్యాటరీలు మార్చే బాధ లేదు కదా అని నా తెలివి. హెడ్‌ఫోన్లో కొంచెం ఏదో వినపడింది గానీ ఫ్యాన్ అనుకుని వదిలేశా. రెండ్రోజుల తర్వాత ఎడిటింగ్ చేసే తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, ఆ రూంలో దోమలున్నాయా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఫైల్ వినేదాకా.

కింద స్స్‌స్ అని ఇసుక పోసినట్టు హిస్, దాని పైన సన్నగా కీచుమని ఒకటే స్వరం, మధ్యమధ్యలో బ్ర్‌ర్ బ్ర్‌ర్ అని ఇంకోటి. మనవాళ్లు అందరూ చేసేదే నేనూ చేశా, ముందు కేబుల్ మార్చా, తర్వాత మైక్ మార్చా, ఆ తర్వాత నాయిస్ రిడక్షన్ ప్లగిన్ వేసి నాబ్ గట్టిగా తిప్పా. నాయిస్ పోయింది నిజమే, కానీ మనిషి బకెట్లో తలపెట్టి మాట్లాడుతున్నట్టు తయారైంది. కంపెనీ సపోర్ట్‌కి రాస్తే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోమన్నారు, చేశా, దోమ అలాగే ఉంది.

ఆఖరికి తెలిసిన సౌండ్ రికార్డిస్ట్ ఒకాయనకి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటే ఆయన మొత్తం వినకుండానే "నాయిస్ అని ఒకటి ఉండదు తమ్ముడూ, ఎన్ని రకాలు వినపడుతున్నాయో ముందు అవి విడదీసి చెప్పు, ఆ తర్వాత కెమెరాకి ఉన్న వైర్లన్నీ పీకెయ్" అన్నాడు. పీకెయ్ అన్న మాట దగ్గరే నా సమస్య సగం తీరింది, కానీ ఆ సంగతి నాకు సాయంత్రానికి గానీ అర్థం కాలేదు.

మానిటర్ పీకా, ఎస్ఎస్‌డీ పీకా, వైర్‌లెస్ వీడియో ట్రాన్స్‌మిటర్ పీకా, రిసీవర్ కూడా పక్కన పెట్టి ఒక మామూలు డైనమిక్ మైక్ మంచి ఎక్స్ఎల్ఆర్ కేబుల్‌తో పెట్టి ఒక నిమిషం రికార్డ్ చేశా. దోమ లేదు! హిస్ కూడా నేను భయపడినంత లేదు. తర్వాత ఒక్కోటి తగిలిస్తూ ఒక్కో నిమిషం రికార్డింగ్, ప్రతి క్లిప్ మొదట్లో ఏం తగిలించానో నోటితో చెప్పడం, లేకపోతే పదో క్లిప్పుకి ఏది ఏదో తెలీదు. మానిటర్ తగిలించా, ఏం లేదు. ఎస్ఎస్‌డీ తగిలించా, ఏం లేదు. రిసీవర్‌ని డబుల్ ఏ బ్యాటరీల మీద పెట్టా, ఏం లేదు. అదే రిసీవర్‌కి డీ-ట్యాప్ వైర్ గుచ్చగానే కీచుమంది. తీస్తే పోతుంది, పెడితే వస్తుంది, చిన్నపిల్లాడిలా పదిసార్లు తీసి పెట్టి విన్నా.

జరిగేది ఏంటంటే, రిసీవర్ గ్రౌండ్ (కరెంటు తిరిగొచ్చే వైపు) కెమెరా గ్రౌండ్‌కి రెండు దార్లలో కలుస్తోంది, ఆడియో కేబుల్ షీల్డ్ (వైర్ చుట్టూ ఉండే లోహపు తొడుగు) ఒక దారి, డీ-ట్యాప్ నెగటివ్ వైర్ రెండో దారి, దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. కెమెరా లోపల సెన్సరూ ప్రాసెసరూ ఫ్యానూ కరెంటుని సమానంగా తాగవు, గుటకలు గుటకలుగా తాగుతాయి, ఆ గుటకల్లో కొంత వాటా మన ఆడియో షీల్డ్ గుండా పోతుంది, అదే మనకి కీచుమని వినిపిస్తుంది. ఫ్రేమ్ రేట్ 24 నుంచి 50కి మారిస్తే ఆ కీచు స్వరం కూడా మారింది నా కెమెరాలో, అంటే ఇది మైక్ నుంచి రావట్లేదని అంతకంటే సాక్ష్యం ఏం కావాలి. కరెంటు గోడ నుంచి తీసుకున్నప్పుడు వచ్చే హమ్ కూడా ఈ లూప్ జాతిదే చాలాసార్లు, కాకపోతే అది 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్లు 100, 150 దగ్గర జుమ్మని బరువుగా ఉంటుంది, మెయిన్స్ 60 ఉన్న దేశాల్లో 60, 120. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ స్పెక్ట్రమ్ వ్యూలో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) చూస్తే నిచ్చెన మెట్లలా గీతలు కనపడతాయి, హిస్ అయితే గీతలుండవు, పొగమంచులా అంతటా పరుచుకుని ఉంటుంది. ఇది తెలిస్తే చెవి మీద నమ్మకం లేనివాళ్లు కూడా కళ్లతో పట్టేయొచ్చు.

మందు చవకది, రిసీవర్‌ని దాని సొంత బ్యాటరీల మీద నడపడం. అది కుదరకపోతే ఆడియో వైర్ మధ్యలో 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, అది సౌండ్‌ని అయస్కాంత క్షేత్రం ద్వారా దాటిస్తుంది గానీ రెండువైపుల గ్రౌండ్‌లనీ కలపదు. కరెంటు విడిగా ఇచ్చే ఐసొలేటెడ్ కన్వర్టర్లు కూడా ఉన్నాయి గానీ నాసిరకానివి తీసుకుంటే అవే కొత్త కీచుమోత తెస్తాయి. ఇంకోటి, గోడ సాకెట్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందని సలహా ఇచ్చే మహానుభావులు ఉంటారు, పోతుంది, దాంతోపాటు షాక్ కొడితే కాపాడేది కూడా పోతుంది, వద్దు.

ఇప్పుడు హిస్ సంగతి. ఇక్కడ కెమెరా తప్పు నిజంగా ఉంది. 3.5 జాక్ వెనకున్న ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) చాలా సాదాసీదాది, గెయిన్ (ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) సగం దాటిందంటే ఇసుక పోయడం మొదలుపెడుతుంది. మినీ ఎక్స్ఎల్ఆర్ ఇన్‌పుట్ దానికంటే బాగా శుభ్రంగా ఉంటుంది, పైగా బ్యాలెన్స్‌డ్, 2వ పిన్ మీదా 3వ పిన్ మీదా సిగ్నల్ ఒకదానికొకటి తలకిందులుగా వెళ్తుంది కాబట్టి దారిలో రెండింటికీ సమానంగా అంటుకున్న చెత్త చివర్లో తీసివేతలో పోతుంది. 3.5 జాక్‌కి ఆ సదుపాయం లేదు, ఆ వైర్ పొడుగైతే యాంటెనా కిందే లెక్క. స్పెక్ షీట్‌లో ఇన్‌పుట్ నాయిస్ అంకె ఇవ్వలేదు వీళ్లు. 150 ఓమ్ సోర్స్‌తో కొలిస్తే భౌతికశాస్త్రం ఒప్పుకునే హద్దు మైనస్ 131 డీబీయూ (వోల్టేజి కొలత, అంకె ఎంత కిందికుంటే అంత నిశ్శబ్దం) దగ్గర ఉంటుంది, మంచి ఫీల్డ్ మిక్సర్లు దానికి ఏ నాలుగైదు డీబీల దూరంలోనో ఉంటాయి, ఆ అంకె అచ్చేయడానికి సిగ్గుపడుతున్నారంటే ఏదో ఉందనే అర్థం.

కానీ నా పాపం వేరే ఉంది. రిసీవర్ అవుట్‌పుట్‌ని ఎప్పుడో బాగా తగ్గించి మర్చిపోయా, అది సరిపోక కెమెరాలో గెయిన్ దాదాపు చివరిదాకా పెంచా. అంటే శుభ్రమైన చోట తగ్గించి, చెత్త ఉన్న చోట పెంచుతున్నా. తిరగేశా, రిసీవర్ అవుట్‌పుట్ పెంచి కెమెరా ఇన్‌పుట్‌ని లైన్‌కి (మైక్ కంటే బలమైన సిగ్నల్ తీసుకునే సెట్టింగ్) మార్చి గెయిన్ కిందికి దించా, మాటల పీకులు మీటర్లో మైనస్ 12 డీబీ దగ్గర ఆడేలా. అదే మైక్, అదే గది, అదే కెమెరా, హిస్ వెతుక్కుంటే తప్ప దొరకలేదు. ఆటో గెయిన్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి, మనిషి మాట ఆపగానే అది నిశ్శబ్దాన్ని పెంచి పెంచి హిస్‌ని కెరటంలా లేపుతుంది, కెమెరా పాడైందనుకుంటారు.

కెమెరాకి నిజంగా ఎంత సొంత హిస్ ఉందో తేల్చుకోవాలంటే ఒక ఖాళీ ఎక్స్ఎల్ఆర్ ప్లగ్‌లో 2, 3 పిన్ల మధ్య 150 ఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేసి గుచ్చండి, ఫాంటమ్ (కెమెరా మైక్‌కి పంపే కరెంటు) ఆఫ్ చేసి రికార్డ్ చేయండి. అప్పుడు వినపడేది దాదాపు అంతా కెమెరా సొంత ఆస్తి. ఏమీ గుచ్చకుండా ఓపెన్‌గా వదిలేసి టెస్ట్ చేస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, నేనూ మొదట అలాగే చేసి అనవసరంగా తిట్టుకున్నా. ఈ కెమెరా హెడ్‌ఫోన్ అవుట్‌లో కూడా దాని సొంత హిస్ ఒకటుంది, రికార్డింగ్‌లో ఉండదు, కాబట్టి హెడ్‌ఫోన్లో విని తీర్పు చెప్పొద్దు, ఫైల్‌ని కంప్యూటర్లో వేసుకుని వినండి.

బ్ర్‌ర్ బ్ర్‌ర్ సంగతి తేలిగ్గానే తేలింది, కేజ్ పక్కన క్లాంప్‌లో నేనే పెట్టుకున్న ఫోన్. 2జీలో ఫోన్ సెకనుకి దాదాపు 217 సార్లు తునకలుగా సిగ్నల్ పంపుతుంది, పక్కనే షీల్డింగ్ సరిగా లేని వైర్ ఉంటే ఆ లయ ఆడియోలోకి దూరిపోతుంది. నెట్‌వర్క్ బాగుంటే రాదు, 2జీకి పడిపోయినప్పుడు వస్తుంది, అందుకే ఒక్కో లొకేషన్లో ఒక్కోలా ఉండేది. ఫోన్ తీసి జేబులో... జేబులో కూడా వద్దు, ల్యాపెల్ ట్రాన్స్‌మిటర్ ఉన్న మనిషి జేబులో అయితే అసలే వద్దు.

ఫ్యాన్ మాత్రం నిజంగానే కెమెరా లోపం. రికార్డింగ్‌లో తగ్గించే మోడ్ ఉంది గానీ వేడెక్కితే మన మాట వినదు, మళ్లీ స్పీడందుకుంటుంది. బాడీ మీదున్న బుల్లి మైక్ ఆ ఫ్యాన్ హోరుని శ్రద్ధగా పట్టేస్తుంది, దాన్ని సింక్ చూసుకోవడానికి వాడుకోండి, అంతకుమించి నమ్మొద్దు. షాట్‌గన్ మైక్‌ని కెమెరా నెత్తి మీద పెట్టేవాళ్లకి కూడా ఇదే తిప్పలు, బూమ్ (పొడుగు కర్ర) మీద మనిషి దగ్గరికి తీసుకెళ్తే సగం రోగాలు ఉండవు.

ఇంకో బుద్ధితక్కువ పని కూడా ఒప్పుకుంటా. ఒకసారి రిసీవర్ 3.5 స్టీరియో అవుట్‌ని దొరికిన ఎక్స్ఎల్ఆర్ కన్వర్టర్ కేబుల్‌తో నేరుగా గుచ్చా, గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చింది. లెఫ్ట్ రైట్ రెండిట్లోనూ ఒకే గొంతు ఉంటే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది, మిగిలేది నాయిసే. ఆ టైమ్‌లో 48 వోల్టుల ఫాంటమ్ ఆన్‌లో లేదు కాబట్టి బతికిపోయా, ఉంటే రిసీవర్ ఏమయ్యేదో.

రేటింగ్ అడిగితే, బొమ్మకి 5కి 4.5, ఎక్స్ఎల్ఆర్ ఇన్‌పుట్‌కి 3, 3.5 జాక్‌కి 1.5, ఆ గెయిన్ మెనూకి సున్నా. డీబీల్లో కాకుండా శాతాల్లో చూపించే గెయిన్ ఎవడు కనిపెట్టాడో గానీ, 60 శాతం అంటే దేంట్లో 60 శాతం? ఒంటరిగా షూట్ చేసుకునేవాళ్లు ఎక్స్ఎల్ఆర్ వాడుతూ, వైర్‌లెస్‌ని సొంత బ్యాటరీల మీద నడుపుతూ ఉంటే ఈ కెమెరాలోనే ఆడియో లాగించేయొచ్చు. సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే మాటలు రికార్డ్ చేసే) సినిమా తీసేవాళ్లు మాత్రం విడి రికార్డర్ పెట్టుకుని టైమ్‌కోడ్ (బొమ్మనీ సౌండ్‌నీ జత చేసే టైమ్ ముద్ర) కలుపుకోండి, కెమెరా ట్రాక్‌ని స్క్రాచ్ (చిత్తు ట్రాక్) అనుకోండి.

పోయిన వారం అదే రిగ్‌తో 40 నిమిషాల ఇంటర్వ్యూ తీసి ఎడిటింగ్ తమ్ముడికి పంపా. దోమ లేదన్నాడు. "కానీ అన్నా, ఏసీ ఆఫ్ చేయడం మర్చిపోయావ్" అన్నాడు.